కడగని ద్రాక్ష

మేమిద్దరం ఈ వయసు దాకా ఒక్క చుక్క వైన్ నాలిక మీద వేసుకున్నవాళ్ళం కాదు. అలాంటి మేము కిందటి సెప్టెంబరులో వారం రోజులు ఒక వైన్ తోటలో ఉండి వచ్చాం. కెనడాలో మేం ఉండే ఊరు రెజైనా. అక్కడి మా మిత్రులకి ఈ సంగతి చెబితే ముందు నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, "అంతా బాగానే ఉందా మూర్తిగారూ?" అని అడిగారు. అసలు కారణం చెప్పాక మాత్రం అందరూ తల ఊపారు. బుకింగ్ క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి రాదు. మనవాళ్ళకి ఇంతకన్నా వేరే సంజాయిషీ అక్కర్లేదు.

నా గురించి ఒక్క ముక్క ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినదానికి నన్ను మరీ తిట్టుకుంటారు. నేను ఒక ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆపరేషన్ పరికరాలని శుద్ధి చేసే విభాగం నాది. సూక్ష్మజీవి అన్నది ఒక్కటి కూడా మిగలకుండా చంపినందుకే నాకు జీతం ఇచ్చేవాళ్ళు. రిటైరయ్యాక జీతం ఆగింది కానీ చంపటం ఆగలేదు. నా జేబులో ఎప్పుడూ చిన్న శానిటైజర్ సీసా ఉంటుంది.

నార్త్ యార్క్, ఇరవై రెండో అంతస్తు

బుక్ చేసింది శ్రావణి, మా ఆవిడ సుశీలకి అక్క కూతురు. టొరంటోలోని నార్త్ యార్క్‌లో సబ్‌వే పక్కన కాండో అపార్టుమెంటులో ఉంటుంది, బ్యాంకులో ఐటీ ఉద్యోగం. తనూ భర్తా కలిసి ఒక సెలవు ప్లాన్ చేసుకున్నారు. ద్రాక్షతోట వాళ్ళింట్లో బస, వాళ్ళు పెట్టే తిండి, బదులుగా వాళ్ళ తోటలో మన చాకిరీ. అందుకు డబ్బు ఎదురిచ్చేది కూడా మనమే! కూలీలే డబ్బు కట్టి కూలికి వెళ్ళటం నేను ఈ దేశంలోనే చూశాను.

"రిలీజ్ ముందుకొచ్చింది బాబాయ్. లీవ్ క్యాన్సిల్ చేసేశారు. నాన్-రిఫండబుల్. ప్లీజ్, మీరూ పిన్నీ వెళ్ళండి" అని ఫోన్ చేసింది.

"మేం తాగం కదమ్మా."

"తాగమని ఎవరన్నారు బాబాయ్? కోసి రండి చాలు."

రెజైనా నుంచి టొరంటోకి విమానం ఎక్కేచోట మొదటి ఆటంకం ఎదురైంది. సుశీల హ్యాండ్‌బ్యాగులో బొటనవేలంత స్టీలు డబ్బా, అందులో రెండు చెంచాల పెరుగు. పెరుగు ద్రవమా ఘనమా అని సెక్యూరిటీ అమ్మాయి ఇంకొకాయన్ని పిలిచింది. ఆయన డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. కానీ ఆ రెండు చెంచాల వెనక ముప్పై ఏళ్ళున్నాయి. మేం రెజైనా వచ్చిన కొత్తలో పొరుగింటి ఆవిడ ఇచ్చిన తోడు అది. అప్పటి నుంచి ఒక్కరోజు కూడా ఆరిపోకుండా మా ఇంట్లో నడుస్తోంది. ఎక్కడికి వెళ్ళినా సుశీల దాన్ని వెంట తీసుకుపోతుంది. నేను మర్చిపోయినా పర్లేదు, డబ్బా మర్చిపోకూడదు.

శ్రావణి ఆ పూట పప్పూ, బెండకాయ వేపుడూ పెట్టింది. సుశీల పెరుగు తోడేసింది. కాండోలో చలిగా ఉందని గిన్నెని ఓవెన్‌లో పెట్టి, లోపలి దీపం వెలిగించి, తలుపు మూసింది. కెనడాలో తెలుగువాళ్ళ ఓవెన్లలో కేకులు కాలిన రోజులకన్నా పిండి పులిసిన రోజులే ఎక్కువ. ఓవెన్ ఆన్ చేయకుండా దీపం మాత్రం వేస్తే, ఆ దీపం వేడికి లోపల మన ఊరి ఎండాకాలం వస్తుంది.

మొక్కజొన్న బండి

మర్నాడు శనివారం. అద్దె కారులో, ఆ తోట ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ వైపు బయలుదేరాం. హైవే దిగాక చిన్న రోడ్లు, ఎర్రబడుతున్న చెట్లు, మలుపు మలుపుకీ అమ్మేవాళ్ళు లేని దుకాణాలు. బల్ల మీద గుమ్మడికాయలు, పక్కన డబ్బులు వేయటానికి రేకు డబ్బా. కాపలా ఎవరూ లేరు. మా తెనాలిలో అయితే గుమ్మడికాయల సంగతి తర్వాత, ముందు బల్ల పోతుంది.

ఒకచోట మాత్రం మనిషున్న బండి కనిపించింది. ఆరు మొక్కజొన్న పొత్తులు అయిదు డాలర్లు. కాల్చి ఇస్తారేమో అనుకుంటే పచ్చివే ఇచ్చాడు. మేం పొత్తుని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే వెనక నుంచి తెలుగు వినిపించింది.

"అంకుల్, తెలుగోళ్ళేనా? పచ్చిగనే తినుండ్రి, తియ్యగుంటది."

ఆ అబ్బాయి పేరు నరేశ్, వరంగల్. టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తాడట, వీకెండ్ అని ఆపిల్స్ కోసుకోవటానికి వచ్చాడు. మేం ఎక్కడికి పోతున్నామో చెప్పాను. అతను నా నుదుటి మీద విభూతి చూశాడు, సుశీల చేతిలో స్టీలు డబ్బా చూశాడు.

"వైన్ తోటకా? మిమ్మల్ని జూస్తే సత్సంగానికి పోతున్నట్టున్నరు అంకుల్" అన్నాడు.

సుశీల రోడ్డు పక్కనే నడుం పట్టుకుని నవ్వింది. నాకు అంత నవ్వు రాలేదు. విభూతి మాత్రం చెరుపుకోలేదు.

గడ్డిలో ఎక్కడో తోట

హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్షతోటలు నేను చూశాను. పందిళ్ళు, కింద నున్నగా దువ్విన నేల. ఇక్కడ కారు దిగి చూస్తే మోకాలి ఎత్తు గడ్డి. దాని మధ్య పసుపు పూలు, పూల మీద తేనెటీగలు, వాటి మధ్య అయిదారు గొర్రెలు. ద్రాక్షతోట కోసం వెతుక్కోవలసి వచ్చింది. కలుపు తీయించలేని బీదవాళ్ళేమో పాపం అనుకున్నాను.

"కలుపు కాదు. కావాలనే ఉంచాం" అంది తోట యజమాని మార్గరెట్, నా చూపు పసిగట్టి.

మార్గరెట్‌కి డెబ్బై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, రబ్బరు బూట్లు, మణికట్టు దాకా ఊదారంగు పట్టిన చేతులు. ఆ చేతిని నాకు అందించింది. నేను పుచ్చుకున్నాను, పుచ్చుకున్నాక జేబులోకి పోబోయిన నా రెండో చేతిని సుశీల మోచేత్తో పొడిచి ఆపింది.

నలభై ఏళ్ళ కిందట మార్గరెట్, ఆమె భర్త కలిసి ఈ తీగెల్ని నాటారు. ఆయన పోయి మూడేళ్ళయింది. అప్పుడు టొరంటోలో ఉద్యోగం వదిలి వచ్చిన కూతురు క్లేర్ ఇప్పుడు తల్లితో కలిసి తోట చూసుకుంటుంది. ఇద్దరూ కలిసి మాకు తోటంతా తిప్పి చూపించారు. ఆకులకి బూజు పట్టకుండా మందు కొట్టరు, పాల విరుగుడు నీళ్ళు చల్లుతారు. చలికాలం మంచుకి తీగెలు చచ్చిపోకుండా వాటిని కిందకి వంచి మట్టి కప్పి పడుకోబెడతారు, వసంతంలో మళ్ళీ లేపుతారు. సూర్యుడు లేచాడో లేదో ఈగ వాలకుండా చూసుకోవలసిన పసిపిల్లల పెంపకం ఇది.

"ఆఖర్న వైన్‌లో ఏమేం కలుపుతారు?" అని అడిగాను.

"ఏమీ కలపం" అంది మార్గరెట్.

"ఈస్ట్ అయినా వేయాలిగా? లేకపోతే పులిసేదెలా?"

"అది ద్రాక్షతోనే వస్తుంది" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది కానీ ఇంతలో క్లేర్ గొంతు సవరించుకుంది. తల్లి ఊరుకుంది.

ఆ ఊరుకోవటం వెనక సంగతి ఆ సాయంత్రం భోజనాల దగ్గర తెలిసింది. గుమ్మడికాయ సూపు, వాళ్ళు చేసిన రొట్టె, మేం తెచ్చిన పులిహోర, గోంగూర. మార్గరెట్ గోంగూర రొట్టె మీద రాసుకుని తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ రాసుకుంది. మాకూ ఓ గ్లాసులో వైన్ పోయబోయింది. మేం వద్దంటే ఆమె నొచ్చుకోలేదు, ద్రాక్షరసం తెచ్చి ఇచ్చింది.

వంటింటి అలమరలో టీ డబ్బా పక్కన వెండిరంగు ప్యాకెట్ ఒకటి ఉంది. కంపెనీ ఈస్ట్. నిరుడు వీళ్ళ పెద్ద తొట్టిలో రసం సగంలో పులవటం ఆగిపోయి, మొత్తం పాడై వెనిగర్ అయిందట. ఏడాది పంటంతా పోయింది. క్లేర్ అప్పుడే ఈ ప్యాకెట్ కొనుక్కొచ్చింది. తల్లీకూతుళ్ళ మధ్య ఒప్పందం ఏమిటంటే, ఈ ఏడాది కోతలు శుక్రవారం. ఆ రోజు పొద్దున కోసేవాళ్ళు వచ్చేసరికి మార్గరెట్ పద్ధతిలో పులవటం మొదలైతే సరే, లేదంటే ప్యాకెట్ తెరుస్తారు. ఈ ఏడాదికే కాదు, ఇక ముందంతా కూడా.

"ప్యాకెట్‌తో కూడా మంచి వైనే వస్తుంది, అమ్మకి తెలుసు" అంది క్లేర్.

"మంచిదే వస్తుంది. కానీ అది ఎక్కడైనా చేయొచ్చు" అంది మార్గరెట్.

బకెట్

మార్గరెట్ పద్ధతి విన్నాక సుశీల ముఖం వెలిగిపోయింది. కోతలకి అయిదారు రోజుల ముందు ఒక్క బకెట్ ద్రాక్ష కోస్తారు. చేత్తో నలిపి, గుడ్డ కప్పి వదిలేస్తారు. రెండు మూడు రోజుల్లో అది దానంతట అదే పొంగుతుంది. అలా పొంగినదాన్ని కోత రోజున పెద్ద తొట్టిలో పోస్తే, తొట్టంతా దాన్ని చూసి నేర్చుకుంటుంది.

"ఓసి, తోడు!" అంది సుశీల. స్టీలు డబ్బా తీసుకొచ్చి మార్గరెట్‌కి చూపించింది. ఇద్దరూ ఆ రెండు చెంచాల పెరుగు మీద తల పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను గిన్నెలు కడిగాను.

ఆదివారం పొద్దున ముగ్గురం కలిసి బకెట్ నింపాం. నల్లద్రాక్ష, చిన్న కాయలు. మీద తెల్లటి బూడిదలాంటిది పట్టి ఉంది. అంతలో గొర్రెలు కంచె దాటి రోడ్డెక్కాయని క్లేర్ కేకేసింది.

"షెడ్డులో పెట్టి ఉంచు మూర్తీ. ఏమీ చేయకు. మధ్యాహ్నం నేను వచ్చి నలుపుతాను" అని మార్గరెట్ పరిగెత్తింది. ఆమె వెనక సుశీల పరిగెత్తింది. గొర్రెల్ని తోలటం ఆవిడకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

షెడ్డులో నేనూ బకెట్టూ మిగిలాం. మీరే చెప్పండి, ఎదురుగా ద్రాక్షపళ్ళున్నాయి, వాటి మీద తెల్లటి పొడి. చిన్నప్పటి నుంచి ఆ తెల్లటి పొడి అంటే మందు. మార్కెట్టు నుంచి ద్రాక్ష వస్తే మా అమ్మ ముందు ఉప్పునీళ్ళలో పడేసేది, తర్వాతే మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది. ఇక్కడ మందు కొట్టరని నిన్ననే విన్నాను. వినటం వేరు, చేతులు ఊరుకోవటం వేరు. పైగా ఆ కాయల మీద ఒక పురుగు, రెండు సాలెగూళ్ళు, ఎండిన ఆకు ముక్క. ఏమీ చేయకు అంది కదా అంటారేమో. కడగటం మన ఇళ్ళలో పని కింద రాదు. అది పనికి ముందు ఉండేది.

వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చాను. కెటిల్‌లో నీళ్ళు కాచి గోరువెచ్చగా చేశాను. ఉప్పునీళ్ళలో నానబెట్టి మూడుసార్లు జాడించాను. తువ్వాలు పరిచి ఆరబెట్టాను. ఖాళీ బకెట్‌ని నా జేబులో సీసాతో తుడిచి, మళ్ళీ వేడినీళ్ళతో కడిగాను. ఆపరేషన్ థియేటర్‌కి పంపించవచ్చు, అంత శుభ్రంగా ఉంది. పళ్ళు తళతళా మెరుస్తూ బకెట్‌లోకి చేరాయి. నాకు భలే తృప్తి కలిగింది.

మధ్యాహ్నం మార్గరెట్ వచ్చింది. షెడ్డులో వెలుగు తక్కువ, కళ్ళద్దాలు మెడలో వేలాడుతున్నాయి. చేతులు ముంచి నలిపి, గుడ్డ కప్పి, "ఇక వదిలేద్దాం" అంది.

ఆ సాయంత్రం సూపులో ఉప్పు లేదు. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టానో అని మార్గరెట్ అలమరలన్నీ వెతికింది. దాని సంగతి నాకూ గుర్తు రాలేదు.

చప్పుడు లేదు

సోమవారం బకెట్‌లో ఏమీ లేదు. మార్గరెట్ గుడ్డ ఎత్తి, బకెట్ దగ్గర చెవి పెట్టి విని, మళ్ళీ కప్పింది. మంగళవారం పొద్దున మూడుసార్లు వెళ్ళి చూసింది. రసం నిన్న ఎలా ఉందో అలాగే, చెరువు నీళ్ళలా కదలకుండా ఉంది. భోజనాల దగ్గర క్లేర్ ఒక్కసారి అలమర వైపు చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుంది. ఆ పిల్ల గెలుస్తోంది కానీ సంతోషంగా లేదు.

నేనూ జాలిపడుతూనే ఉన్నాను. "ఈ సహజం అనే పద్ధతులన్నీ ఇంతే, నమ్మకం లేదు" అని సుశీలకి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

సుశీల తుడవటానికి గుడ్డ కోసం షెడ్డులోకి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. చేతిలో ఉప్పు డబ్బా.

"ఏమండీ, ఇది నీళ్ళ పంపు వెనకాల ఉంది."

నేను డబ్బా అందుకోబోయాను. ఆవిడ ఇవ్వలేదు.

"ద్రాక్ష కడిగారా?"

"దుమ్ముగా ఉంటేనూ..."

"ఎన్నిసార్లు?"

"మూడు."

సుశీల అక్కడే మెట్టు మీద కూలబడింది. "ఆ తెల్లటిది మందు కాదండీ. ఆ పొడిలోనే ఉంటుందట పులిసేదంతా. నాకు ఆవిడ మొన్ననే చెప్పింది, మీరు గిన్నెలు తోముతున్నప్పుడు. మన పెరుగు డబ్బాని మీరు డెట్టాల్ పోసి కడిగినట్టే అయింది."

ఇరవై ఎనిమిదేళ్ళలో నా చేతిలో ఒక్క తప్పు జరగలేదని రిటైర్మెంటు రోజున అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్కడ తప్పు చేయకుండానే ఒకావిడ నలభై ఏళ్ళ నమ్మకాన్ని కడిగేశాను. చెప్పకుండా శనివారం విమానం ఎక్కేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ సుశీల నా వంక చూస్తూ కూర్చుంది. ఆవిడ చూపు ముందు ఆ ఆలోచన రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

మార్గరెట్ ద్రాక్ష వరసల మధ్య ఉంది. వెళ్ళి చెప్పాను. ఉప్పు, వేడినీళ్ళు, మూడుసార్లు, శానిటైజర్, అన్నీ వరసగా చెప్పాను. ఆమె ద్రాక్ష పెట్టె ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది. తిడితే బాగుండు అనిపించింది.

"శానిటైజర్ కూడానా?" అంది చివరికి.

"బకెట్‌కి మాత్రమే."

ఆమె నవ్వటం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను ఇంకా భయపడ్డాను.

"నిరుడు అలా అయింది, ఈసారి బకెట్ కూడా కదల్లేదు. ఈ నేలలో ఉన్నదేదో ఆయనతోపాటే పోయిందనుకున్నాను మూర్తీ. రెండు రోజులుగా అదే అనుకుంటున్నాను" అంది. "పోలేదన్నమాట. నువ్వు కడిగేశావు, అంతే."

నన్ను తిట్టాల్సిన మనిషి నా చెయ్యి పట్టుకుంది. ఊదారంగు చెయ్యి. ఈసారి నా రెండో చెయ్యి జేబులోకి పోలేదు.

ఓవెన్ దీపం

క్లేర్‌కి కూడా నేనే చెప్పాలంది మార్గరెట్. చెప్పాను. క్లేర్ పళ్ళు బిగబట్టి విన్నది.

"కొత్త బకెట్ కోసుకోండి. కానీ గడువు మారదు. కోసేవాళ్ళు శుక్రవారం ఏడింటికి వస్తారు, శనివారం వాన. రసాన్ని ఊరికే కూర్చోబెట్టి మళ్ళీ నిరుడులా పోగొట్టుకోలేను" అంది. అందులో తప్పేమీ లేదు.

కొత్త బకెట్ కోశాం. ఈసారి నన్ను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమన్నారు. నిలబడ్డాను. సమస్య చలి. షెడ్డులో పొద్దున్నపూట నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఈ చలిలో మామూలుగా నాలుగు రోజులు పడుతుందంది మార్గరెట్. ఉన్నవి రెండున్నర.

"ఓవెన్ ఇలా ఇవ్వండి" అంది సుశీల.

వాళ్ళ పాత ఓవెన్‌లో అరలు తీసేసి, బకెట్ లోపల పెట్టి, గుడ్డ కప్పి, దీపం వేసి తలుపు మూసింది. మార్గరెట్ నమ్మలేదు. గంట తర్వాత సుశీల ఆమె చెయ్యి పట్టుకుని లోపల పెట్టించింది. మార్గరెట్ చెయ్యి వెంటనే బయటికి తీయలేదు.

సుశీల అలవాటు కొద్దీ ఇంకో పని కూడా చేసింది. మా ఇంట్లో ఓవెన్‌లో పిండి ఉన్న సంగతి మర్చిపోయి నేను రెండుసార్లు ఆన్ చేశాను. ఒకసారి ప్లాస్టిక్ గిన్నెతో సహా కరిగింది. అప్పటి నుంచి ఆవిడ ఒక కాగితం రాసి ఓవెన్‌కి అంటిస్తుంది. ఇక్కడా అలాగే రాసి అంటించింది, తెలుగులో: "పిండి ఉంది. ఓవెన్ ఆన్ చేయొద్దు." అందులో పిండి లేదు, ఆ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. నేను ఆ మాట అంటే, "ఆన్ చేసే మనిషికి అర్థమైతే చాలు" అంది నా వైపు చూస్తూ.

బుధవారం ఏమీ లేదు. మార్గరెట్ ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలిచింది. ఆ ఇంట్లో ఆ రోజు అంతా చల్లటి భోజనమే.

గురువారం మధ్యాహ్నం మార్గరెట్, సుశీల పెట్టెలు కడగటానికి వెళ్ళారు. నన్ను పిలవలేదు. కడిగే పని అన్నా నన్ను పిలవకపోవటం నా జీవితంలో ఇదే మొదటిసారి. నేను వంటింటి తలుపుకి ఎదురుగా వరండాలో కూర్చున్నాను. క్లేర్ కోతల ఏర్పాట్ల మీద మంగళవారమే టొరంటో వెళ్ళి అప్పుడే తిరిగి వచ్చింది, బకెట్ ఓవెన్‌లో ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కోతలకి వచ్చేవాళ్ళకి మొదటి రోజు, ఆపిల్ ముక్కలు కూరి కాల్చే 'పై' అనే పిండివంట పెట్టటం ఆ ఇంటి ఆనవాయితీ. కాల్చాల్సిన పైలున్న రెండు పెద్ద పళ్ళేలు బల్ల మీద దించి, ఓవెన్ మీట మీద చెయ్యి వేసింది.

నేను లేచేసరికి ఆ చెయ్యి ఆగిపోయింది. కాగితం చూసింది. వంగి దగ్గరగా చూసింది. తలుపు తెరిచింది. దీపం వెలుగులో బకెట్. క్లేర్ అలాగే కాసేపు నిలబడింది. అలమరలో ప్యాకెట్ ఆమె భుజం పక్కనే ఉంది. తర్వాత తలుపుని నిద్రపోతున్న పిల్లల గది తలుపులా మెల్లగా మూసింది.

"ఇక్కడ ఏమని రాసుంది?" అని నన్ను అడిగింది.

చెప్పాను. పిండి సంగతీ, కరిగిన ప్లాస్టిక్ గిన్నె సంగతీ కూడా చెప్పాను. క్లేర్ నవ్వలేదు కానీ నవ్వకుండా ఉండటానికి కష్టపడింది. రెండు పళ్ళేలూ ఎత్తుకుని, మైలు దూరంలో ఉన్న పక్కింటి వాళ్ళ ఓవెన్ వెతుక్కుంటూ పోయింది.

శుక్రవారం

ఆరు గంటలకి వంటింట్లోకి వెళ్తే ముగ్గురు ఆడవాళ్ళూ ఓవెన్ ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. తలుపు తెరిచి ఉంది. వంటిల్లంతా పుల్లటి తీపి వాసన.

"వినండి" అంది సుశీల.

వంగి విన్నాను. సన్నటి చిటపట. తొక్కలన్నీ పైకి లేచి గుడ్డని కుండ బోర్లించినట్టు ఎత్తాయి. పక్కలమ్మట ఊదా నురగ. నా ఉద్యోగమంతా ఏ ప్రాణుల్ని చంపటానికి పోయిందో అవి అంత కష్టపడి పనిచేయటం నేను ఎప్పుడూ వినలేదు. కళ్ళు తడిశాయి. వాసన ఘాటు అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

క్లేర్ లేచి ప్యాకెట్ తీసింది. చెత్తబుట్టలో వేయలేదు, సొరుగులో అడుగున పెట్టింది. తెలివైన పిల్ల. మార్గరెట్ అది చూసి కూడా ఏమీ అనలేదు. ఆవిడా తెలివైనదే.

ఏడింటికి కోసేవాళ్ళు వచ్చారు. పక్కింట్లో కాలిన పై తిన్నారు. సాయంత్రానికి తొట్టి నిండింది, బకెట్ అందులో పోశారు. పైనున్న ద్రాక్షని కాళ్ళతో తొక్కాలి, ఆ గౌరవం నాకు ఇచ్చారు.

"కాళ్ళు కడుక్కోవాలా?" అని అడిగాను, ఎందుకైనా మంచిదని.

"కాళ్ళు కడుక్కో మూర్తీ, ఎన్నిసార్లయినా కడుక్కో" అంది మార్గరెట్.

సీసా

శ్రావణి కిందటి వారం రెజైనా వచ్చింది. సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి ఒక సీసా తెచ్చింది. తోట వాళ్ళు పంపించారట.

కాగితం విప్పి చూస్తే సీసా మీద తెలుగు. సుశీల దస్తూరీ. ఓవెన్ మీది కాగితాన్నే అచ్చు వేయించారు: "పిండి ఉంది. ఓవెన్ ఆన్ చేయొద్దు." ఈ ఏడాది వాళ్ళ వైన్ పేరు అది. ఒంటారియోలో కొందరు పెద్దమనుషులు దాన్ని బల్ల మీద పెట్టుకుని, గ్లాసు తిప్పుతూ, ఆ అక్షరాల వంపుల్ని మెచ్చుకుంటూ ఉంటారు. తలుచుకున్నప్పుడల్లా సుశీలకి నవ్వు ఆగదు.

చెంచాడు చెంచాడు పోసుకున్నాం. నాకు పులుపే తెలిసింది. సుశీల మాత్రం కళ్ళు మూసుకుని, "మూడోరోజు మజ్జిగ" అంది. ఆవిడ దగ్గర అది తక్కువ మెప్పు కాదు.

సీసా వెనక్కి తిప్పాను. ఇందులో ఏమేమున్నాయో రాసే చోట ఒకే ఒక్క మాట అచ్చు వేసి ఉంది: ద్రాక్ష. దాని కింద, అచ్చు కాదు, పెన్నుతో, క్లేర్ చేతిరాతలో ఇంకొకటి.

"కడగలేదు."